కాలం దాటిన మాత్ర

2007 జనవరి. కువైట్ ఆసుపత్రుల గుండె వార్డుల్లో డాక్టర్లకు కొత్త పని పడింది. గుండెపోటుతో చేరిన ప్రతి మనిషికీ ఒక ఫారం నింపాలి. వయసెంత, ఆడా మగా, షుగర్ ఉందా, బీపీ ఉందా, సిగరెట్ అలవాటుందా? అదే ఫారం బహ్రెయిన్, ఖతర్, ఒమన్, యూఏఈ, యెమెన్‌లలోనూ నింపుతున్నారు. పేరు ‘గల్ఫ్ రేస్’. ముందుండి నడిపించినవాడు కువైట్ విశ్వవిద్యాలయ హృద్రోగ నిపుణుడు డాక్టర్ మహమ్మద్ జుబైద్.

జూన్ నాటికి లెక్క వేలల్లోకి చేరింది. అందులో ఆడవాళ్లు దాదాపు నాలుగో వంతు.

గల్ఫ్ అంటేనే పెళ్లాంబిడ్డల్ని ఊళ్లో వదిలి వచ్చిన మగవాళ్లు, అక్కడ ఆడవాళ్లెక్కడ కనిపిస్తారు అనొచ్చు. ఆ మాట కొంత నిజం. కానీ వచ్చిన ఆడవాళ్లు మగవాళ్లకంటే వయసులో పెద్దవాళ్లు, షుగర్, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు. వలసల్లేని చోటా ఇదే వరస. 52 దేశాల్లో జరిపి 2004లో ప్రకటించిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనంలో ఆడవాళ్లకు మొదటి గుండెపోటు మగవాళ్లకంటే దాదాపు తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 2,873 మంది స్త్రీలను 24 ఏళ్లు గమనిస్తే, నెలసరి ఆగని వాళ్లలో ఒక్కరికీ గుండెపోటు రాలేదు.

నెలసరి ఉన్నంతకాలం అండాశయాలు ఈస్ట్రోజెన్ హార్మోన్ ఇస్తూనే ఉంటాయి. అది రక్తనాళం లోపలి పొర చేత నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేయిస్తుంది. నాళం బిగుసుకోకుండా సాగుతుంది. ఈస్ట్రోజెన్ చెడు కొలెస్ట్రాల్‌ను కాలేయం లాగేసుకునేలా కూడా చేస్తుంది. ఈస్ట్రోజెన్ ఆగిపోయాక చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, నాళాల్లో పూడిక మొదలవుతుంది.

అయితే ఆ ఈస్ట్రోజెన్‌నే మందుగా ఇస్తే?

1952లో షికాగోలో జెరెమయా స్టామ్లర్ బృందం ఈ పని కోడిపిల్లల మీద చేసి చూసింది. కొలెస్ట్రాల్ కలిపిన మేత పెట్టి, కొన్నిటికి ఈస్ట్రోజెన్ కూడా ఇచ్చారు. మందు అందిన వాటి గుండె నాళాల్లో పూడిక రాలేదు. ఆశ పుట్టింది. తర్వాత అమెరికా ప్రభుత్వం 8,341 మంది మగవాళ్లతో పెద్ద పరీక్ష మొదలుపెట్టింది. అందరూ ఒకసారి గుండెపోటు దాటినవాళ్లే. కొందరికి చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్రలిచ్చారు. మగవాళ్లకు రొమ్ములు వాచాయి, మగతనం తగ్గింది. ప్రాణం దక్కుతుందంటే అదీ భరించేవారేమో. దక్కలేదు. పెద్ద మోతాదు గుంపులో గుండెపోట్లూ రక్తం గడ్డలూ పెరగడంతో దాన్ని 1970లో ఆపేశారు. చిన్న మోతాదునూ 1973లో ఆపారు.

మగవాళ్లకు పడని మందు ఆడవాళ్లకు పడుతుందన్నారు. నెలసరి ఆగిన ఆడవాళ్లకు లక్షల్లో చీటీలు రాశారు. నిజం తేల్చడానికి అమెరికాలో 16,608 మంది స్త్రీలను చేర్చుకుని, సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎనిమిదిన్నరేళ్లు సాగాల్సిన పరీక్ష. సగటున అయిదేళ్లకే, 2002 జులై 9న, ఆపేస్తున్నామని ప్రకటించారు. మాత్ర వేసుకున్న ప్రతి పదివేల మందిలో ఏడాదికి ఏడు గుండె జబ్బులు, ఎనిమిది పక్షవాతాలు, ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనం. ఆ వార్త చూసి డబ్బాలకు డబ్బాలు చెత్తబుట్టలో పడేశారు.

తొందరపడ్డారనే నా అభిప్రాయం. ఆ స్త్రీల సగటు వయసు 63. అప్పటికే నాళాల్లో పూడిక ముదిరిన వయసది. పూడిక మీదికి కొత్తగా ఈస్ట్రోజెన్ మాత్ర వస్తే రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, పూడిక పగిలే ప్రమాదమూ ఉంటుంది. ఎండిన చేనుకు నీళ్లు పెట్టినట్టన్నమాట. పరిశోధకుడు థామస్ క్లార్క్‌సన్ ఈ సంగతి కోతుల్లో ముందే చూశాడు. అండాశయాలు తీసిన వెంటనే ఈస్ట్రోజెన్ ఇస్తే పూడిక బాగా తగ్గింది. రెండేళ్లు ఆగి ఇస్తే ఫలితమే లేదు. కోతికి రెండేళ్లంటే మనిషికి ఆరేళ్లు. గల్ఫ్‌లో ఫారాలు నిండుతుండగానే, 2007 ఏప్రిల్‌లో, 2002లో ఆగిన అమెరికా పరీక్ష పెద్దలు తమ లెక్కల్ని వయసులవారీగా విడదీసి చూపారు. నెలసరి ఆగి పదేళ్లు కానివాళ్లకు గుండె ముప్పు పెరగలేదు. ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు పెరిగింది.

ఈ కథ మన ఇంటికే వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందనో, కడుపునొప్పి అనో వెళితే ‘తీసేస్తే పీడా పోతుంది’ అన్న మాట ఎంతమంది వినలేదు? గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ పూటే ఆగుతుంది. తీయకపోయినా అవి ముందే అలిసిపోవచ్చు. అమెరికా నర్సులపై 1987లో ప్రకటించిన అధ్యయనంలో, రెండు అండాశయాలూ తీయించుకుని హార్మోన్ వాడనివాళ్లకు గుండె జబ్బు ముప్పు రెండింతలు దాటింది.

రాయచోటి, రాజంపేట, రాజోలు వైపు నుంచి ఇరవయ్యో నంబరు వీసా మీద కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన అక్కచెల్లెళ్లలో ఆ ఆపరేషన్ అయినవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఒక మనవి. ఆపరేషన్ కాగితాలు ఇంట్లో ఉంటే ఫొటో తెప్పించుకుని ఫోన్లో దాచుకోండి. అండాశయాలు తీశారో లేదో అందులో రాసి ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏ వయసులో అయిందో చెప్పండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నలభై అయిదుకు ముందే అండాశయాలు పోయినవాళ్లకు, అడ్డంకి జబ్బులు లేకపోతే, యాభై దాకా హార్మోన్ ఇవ్వడం ఇప్పుడు వైద్యులు ఒప్పుకున్న పద్ధతే. సొంతంగా కొని మింగొద్దు. గుండెల్లో బరువు, దవడ నొప్పి, చల్లని చెమటలు, ఉన్నట్టుండి ఆయాసం వస్తే గ్యాసని సరిపెట్టుకోకండి, మేడమ్ ఏమంటుందోనని ఆగకండి. కువైట్‌లో అంబులెన్స్ నంబరు 112.