వరుస తప్పని అచ్చు

1963 ఆగస్టు 30వ తేదీన వాషింగ్టన్ నుండి మాస్కోకు ఒక వార్త వెళ్ళినది. అంతకు ముందటి సంవత్సరం అక్టోబరులో క్యూబా ద్వీపం కారణంగా రెండు మహారాజ్యాలు అణుయుద్ధపు అంచు వరకు పోయి మరలినవి. ఆ దినాలలో ఒకరి లేఖ మరొకరికి చేరి, అర్థం కావడానికి గంటల కొద్దీ కాలం పట్టినది. ఆ భయం పుట్టించిన ఏర్పాటే ఈ టెలిప్రింటర్ మార్గం. అంతటి మార్గంలో తొలిసారిగా నడచిన వార్తలో సంధి మాట గాని, హెచ్చరిక గాని లేవు. చురుకైన గోధుమవన్నె నక్క ఒకటి సోమరి కుక్క వీపు మీదుగా దూకినదని మాత్రమే ఉన్నది. ఆ వెనుక పది అంకెలు.

ఆ ఇంగ్లీషు వాక్యంలో ఇరువదియారు అక్షరాలూ ఉన్నవి. ఏ అచ్చు విరిగినా, ఏ తీగ తప్పినా కాగితం మీద వెంటనే తెలిసిపోతుంది. తంతి పనివారికి ఇంతకంటె పొట్టి పరీక్ష మరొకటి ఉండేది: ఆర్, వై అనే రెండక్షరాలను ఎడతెగకుండా పంపడం. అయిదు స్పందనల సంకేతంలో ఒకదానికి స్పందన ఉన్న ప్రతి చోటా రెండవదానికి ఖాళీ. కనుక యంత్రంలోని ప్రతి భాగమూ అక్షరం అక్షరానికి అటునుండి ఇటు మారవలసిందే. మైకు ముందు మేము 'ఒకటి, రెండు, మూడు' అనడం కూడా ఈ వంశంలోనిదే. ఆ అంకెల అర్థంతో ఎవరికీ పని లేదు.

గణనయంత్రాలు వచ్చిన తరువాత సమస్య మరొక రూపు దాల్చినది. అక్షరం సరిగా పడితే చాలదు. పడవలసిన చోట పడాలి. 1957లో జాన్ బాకస్, ఆయన సహచరులు ఐ.బి.ఎం. సంస్థలో వెలువరించిన ఫోర్ట్రాన్ భాషలో దీనికై 'ఫార్మాట్' అనే ప్రత్యేక వాక్యం ఉన్నది. ఏ సంఖ్యకు ఎన్ని గడులు, దశాంశం తరువాత ఎన్ని అంకెలు అన్నది అందులో చెప్పాలి. శీర్షిక అచ్చు కావాలంటే దానిలోని అక్షరాలను వేళ్ళ మీద లెక్కించి ఆ సంఖ్యను ముందు వ్రాయాలి. ఒకటి తప్పితే అంతా తప్పు. దీనికి తోడు, పంక్తిలోని మొదటి అక్షరం అచ్చు పడదు, కాగితాన్ని నడుపుతుంది. అక్కడ 'ఒకటి' అంకె ఉంటే కొత్త పుట తీయుమని ఆజ్ఞ. ఈ సంగతి మరచి, మొదటి గడిలోనే సంఖ్యను వేసినవాడికి పుటకొక పంక్తి చొప్పున కాగితపు దొంతర ప్రసాదంగా లభించేది.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, మరే హిల్ గ్రామంలో ఉన్న బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ వ్యవస్థకు పూనుకొన్నారు. వారి ముందున్నది టెలిటైప్ యంత్రం. మనిషి ఒక ఆజ్ఞను టైపు చేస్తే, సమాధానం అదే కాగితం మీద పడుతుంది. ఆజ్ఞను అందుకొని పని జరిపించే భాగానికి 'షెల్' అని పేరు; అనగా పైపెంకు. ఆ పేరు పెట్టినవారు లూయీ పూజాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు. ఆ కాలపు టెలిటైప్‌లలో ప్రసిద్ధమైన 33వ నమూనా సెకనుకు పది అక్షరాలను మాత్రమే కొట్టగలిగేది. యూనిక్స్ మితభాషి కావడానికి ఈ మందగమనం కూడా ఒక కారణమని నాకు తోస్తుంది.

షెల్‌లో మాటను తిరిగి పలికించే ఆజ్ఞ 'ఎకో', ప్రతిధ్వని. ఇంత చిన్న ఆజ్ఞ మీద ఎంత వివాదం జరిగినదో చూడండి. ఎకో తన మాట ముగించి క్రొత్త పంక్తికి పోతుంది. పోకుండా అక్కడే ఆగవలెనంటే? 1979 నాటి ఏడవ కూర్పులో అడ్డగీత, ఎన్ అక్షరం చేర్చమన్నారు. బెల్ వారి వ్యాపారశాఖ నుండి వెలువడిన కూర్పులలో మాట చివర ఏటవాలు గీత, సి అక్షరం చేర్చమన్నారు. ఒకచోట గుట్టుగా పనిచేసే గుర్తు మరొకచోట ఉన్నదున్నట్టుగా అచ్చు పడేది. ఒక యంత్రం మీద పరీక్షించి సరి అనుకొన్న పని ప్రక్క యంత్రం మీద తప్పేది. ఇద్దరూ వెనుకకు తగ్గలేదు. చివరకు 1992 నాటి పోసిక్స్ ప్రమాణం, బెల్ ప్రయోగశాలలోని తొమ్మిదవ కూర్పు నుండి 'ప్రింట్‌ఎఫ్' అనే ఆజ్ఞను తెచ్చుకొని, పదిలంగా వ్రాయదలచినవారు దీనిని వాడుకొండని చెప్పినది.

ప్రింట్‌ఎఫ్ వంశం పాతది. కేంబ్రిడ్జిలో మార్టిన్ రిచర్డ్స్ రచించిన బి.సి.పి.ఎల్. భాషలోని 'రైట్‌ఎఫ్' దీనికి పూర్వికురాలు. అక్కడి నుండి థామ్సన్ బి భాషకు, రిచీ సి భాషకు వచ్చినది. మొదట ఒక మాటల చట్రం ఇస్తారు. అందులో శాతం గుర్తు ఉన్న చోటులలో విలువలు వచ్చి కూర్చుంటాయి.

పరీక్షించే తీరు కూడా యూనిక్స్‌తోనే స్థిరపడినది. రావలసిన పంక్తులను ఒక ఫైలులో భద్రపరచి, వచ్చిన పంక్తులను దానితో పోల్చడం. పోల్చే 'డిఫ్' ఆజ్ఞ 1970వ దశకం నడుమ డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ ప్రభృతుల కృషి. కంటికి కనిపించని ఖాళీలను బయటపెట్టే 'ఓ.డి.' అనే ఆజ్ఞ 1971 నాటి మొదటి కూర్పులోనే ఉన్నది. అయినను కొన్ని తప్పులు ఋతువు కోసం కాచుకొని కూర్చుంటాయి. సున్నతో మొదలైన సంఖ్యను ప్రింట్‌ఎఫ్ ఎనిమిది మూలంగా గల అంకెగా చదువుతుంది. నెల సంఖ్యను '01', '02' అని ఇస్తూ పోతే '07' వరకు చిక్కు లేదు. ఆగస్టు మొదటి తేదీన '08' రాగానే, ఎనిమిది అనే అంకె ఆ పద్ధతిలో లేదు గనుక, తప్పని చెప్పి సున్న అచ్చువేస్తుంది. సెప్టెంబరులోను అంతే. అక్టోబరులో '10' వచ్చి తప్పు తనంతట తాను మాయమవుతుంది! జనవరిలో పరీక్షించినవాడిని ఏమని నిందించగలం?

ఇంతకంటె ప్రమాదకరమైనది మరొకటి. పరాయివాడు పంపిన మాటను చట్రంగానే వాడితే, అందులో అతడు పెట్టిన శాతం గుర్తులు ఆజ్ఞలవుతాయి. సి భాషలో వ్రాసిన కార్యక్రమాలలో ఈ ద్వారం గుండా చొరబడవచ్చునని 2000వ సంవత్సరంలో లోకానికి విశదమైనది. అప్పటికి ఆ భాష పుట్టి పాతికేళ్ళు దాటినవి.

ఇక మన తెలుగు. యూనికోడ్ 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానం ఇచ్చినది. మరుసటి ఏడు థామ్సన్, రాబ్ పైక్ రూపొందించిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడేసి బైట్లు. పోసిక్స్ ప్రింట్‌ఎఫ్ గడి వెడల్పును లెక్కించేది బైట్లలో. 'గుంటూరు' అని వ్రాస్తే మన కంటికి మూడక్షరాలు. గుణింతపు గుర్తులూ సున్నా కలిపి యంత్రానికి ఏడు సంకేతాలు, ఇరువదియొక్క బైట్లు. 'ఏలూరు' కూడా మూడక్షరాలే. సంకేతాలు అయిదు, బైట్లు పదునైదు. ఇరువదినాలుగు వెడల్పు గల గడిలో వీటిని అచ్చువేయుమంటే, గుంటూరు ప్రక్కన మూడు ఖాళీలు, ఏలూరు ప్రక్కన తొమ్మిది ఖాళీలు పడతాయి. వాటి వెనుక ఉన్న అంకెల నిలువు వరుస వంకర పోతుంది. బైట్లకు బదులు సంకేతాలనే లెక్కించినా ఏడు ఏడే, అయిదు అయిదే. వంకర తగ్గుతుంది గాని పోదు.

డిఫ్ ఈ వంకరను పట్టుకోలేదు. సరియైన నమూనా అని భద్రపరచిన ఫైలు కూడా చాలచోట్ల ఆ యంత్రమే ఒకనాడు అచ్చువేసినది. వంకర వరుసను వంకర వరుసతో పోల్చి, తేడా కానరాక, డిఫ్ ఏమీ చెప్పక ఊరుకొంటుంది. తెలుగు చదవగలిగిన మనిషి ఒకరు ఆ పట్టికను కళ్ళతో చూడవలసినదే.