సీమ దారుల మీద సైకిలు: విడిభాగాలతో అల్లుకున్న చరిత్ర

మన సంఘ సభ్యులలో సైకిలు ఎరుగని వారు బహుశా ఎవరూ ఉండరు. పోస్టుమన్, టీచరు, గ్రామసేవకుడు, రెవిన్యూ ఇన్‌స్పెక్టరు, కాలువ లస్కరు, కాంపౌండరు, కోర్టు అమీనా - ఏ శాఖ వారైనా సర్వీసులో తొలి సంవత్సరాలు సైకిలు మీద గడిపినవారే. మన సర్వీసు రిజిస్టర్లలో ఇంక్రిమెంట్లు, బదిలీలు, సెలవులు అన్నీ ఎక్కాయి గాని, మనల్ని ఎండనక వాననక మోసిన ఈ బండి గురించి మాత్రం ఎక్కడా రాయలేదు. కనబడితే గిడితే జీతాల బిల్లులో "సైకిల్ అడ్వాన్సు రికవరీ" అన్న చోట కనబడుతుంది, అంతే. ఆ లోటు కొంతైనా పూడ్చాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సైకిలు చరిత్ర అంటే కంపెనీల చరిత్ర అని చాలామంది అనుకుంటారు. మన కర్నూలు, కడప జిల్లాల మట్టుకు అది విడిభాగాల చరిత్ర అని నా అభిప్రాయం. కొత్త సైకిలు కొనే స్తోమత లేని చిన్న జీతగాడు కూడా సైకిలుకు సొంతదారు కాగలిగాడంటే దానికి కారణాలు రెండు. ఒక సైకిలు సామాను ఇంకో సైకిలుకు అతకడం ఒకటి, దాన్ని అతికించగల చేయి ప్రతి ఊళ్ళోనూ ఉండటం రెండోది.

దొరల బండి మన బండి అయిన తీరు

ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి దగ్గరగా ఉన్న సైకిలును 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేశాడు. దాని పేరు రోవర్. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత నాటింగ్‌హాం నుంచి ర్యాలీ, బర్మింగ్‌హాం నుంచి హెర్క్యులిస్, బి.ఎస్.ఏ., ఫిలిప్స్ సైకిళ్ళు లోకమంతా పాకిపోయాయి. మన రెండు జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేవి గనుక మన వైపుకు ఇవి మద్రాసు నుంచి రైలు మీద దిగేవి. మొదట్లో దొరలు, డాక్టర్లు, వకీళ్ళు, కలిగిన రైతులు మాత్రమే కొనగలిగేవారు. పల్లెలోకి సైకిలు వస్తే పిల్లలు దాని వెంట పరుగెత్తేవారని మా నాయన చెప్పేవాడు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ప్రభుత్వం దిగుమతులకు అడ్డుకట్ట వేసి, స్వదేశీ పరిశ్రమకు ఊతమిచ్చింది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1952లో బెంగాలులోని అసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ, 1956లో లూధియానాలో హీరో సైకిళ్ళ తయారీ మొదలుపెట్టాయి. ఇందులో ఒక విశేషముంది. హీరో స్థాపించిన ముంజాల్ సోదరులు అంతకు ముందు అమృత్‌సర్‌లో సైకిలు విడిభాగాల వ్యాపారం చేసుకున్నవారే. లూధియానాలో ఒక చిన్న కార్ఖానా హబ్బులు చేస్తే, ఇంకొకటి పెడళ్ళు, మరొకటి మడ్‌గార్డులు చేసేది. అంటే పెద్ద కంపెనీ పుట్టుక కూడా విడిభాగాల అంగడిలోనే జరిగిందన్నమాట.

ఈ కంపెనీలన్నీ దాదాపు ఒకే అచ్చు పట్టుకున్నాయి. 28 అంగుళాల చక్రాలు, ఇనుప కడ్డీల బ్రేకులు, ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 చువ్వలు, ముందు పళ్ళచక్రానికి 44, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు. లెక్క వేస్తే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి బండి సుమారు 18 అడుగులు ముందుకు పోతుంది. బరువెత్తుకుని ఎదురుగాలిలో తొక్కడానికీ, చదునైన దారిలో సాగిపోవడానికీ మధ్యేమార్గంగా కుదిరిన లెక్క అది. పెడళ్ళ ఇరుసు దగ్గరా, వెనుక హబ్బులోనూ పావంగుళం గుండ్లు. ఏ ఊళ్ళో అడిగినా దొరికేవి. దీనికి పేరుపొందిన మినహాయింపు అసలు ఇంగ్లీషు ర్యాలీ. మిగతా సైకిళ్ళ కప్పులకు అంగుళానికి 24 మరలుంటే ర్యాలీకి 26 ఉండేవి. అందుకే ర్యాలీ కప్పు అరిగితే ఇంకో ర్యాలీ కప్పే వెతకాలి. దొరబండికి మర్యాద ఎక్కువ, చుట్టరికం తక్కువ అని మా సైకిల్ షాపు మేస్త్రీ నవ్వేవాడు.

కర్నూలు రాజధాని రోజులు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక గుడారాలలో ఆఫీసులు నడిపిన సంగతి మన పెద్దలకు విదితమే. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలలో కొందరు సైకిళ్ళను రైలు బ్రేకులో వేసుకుని వచ్చారని, కొండారెడ్డి బురుజు దగ్గర పొద్దున్నే సైకిళ్ళ బారు కనబడేదని విన్నాను. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. వెళ్ళేవారిలో కొందరు బండ్లు ఇక్కడే అమ్మిపోయారు. మా నాయన బోర్డు స్కూలు పంతులు. ఆయన హెర్క్యులిస్ అలా చేతులు మారి వచ్చినదే. ఫ్రేము ఒకరిది, చక్రాలు మరొకరివి, తోలు సీటు ఇంకెవరిదో. అయినా అది ఆయన సైకిలే.

ఎండ నేలకు తగ్గట్టు

నేను 1966లో కర్నూలు-కడప కాలువ సెక్షనులో చేరాను. ఈ కాలువ 1863-70 మధ్య ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించినది. 1882లో ప్రభుత్వం కొనేసింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై నంద్యాల ప్రాంతం మీదుగా కడప వరకు సుమారు 300 కిలోమీటర్లు సాగుతుంది. మొదట్లో దీనిలో పడవలు కూడా నడిపారు. మా కాలానికి పడవలు లేవు, కాలువ గట్టే మా రహదారి. సూపర్‌వైజరు మొదలు లస్కరు దాకా అందరం గట్టు మీద సైకిలు తొక్కినవాళ్ళమే.

మన నేల సైకిలును రెండు విధాల పరీక్షించేది. ఎండాకాలంలో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు. వానాకాలంలో నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే రేగడి మట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. దిగి పుల్లతో గీకడం, పది గజాలు పోవడం, మళ్ళీ గీకడం. కోవెలకుంట్ల, ఆదోని వైపు పనిచేసిన మిత్రులకు ఈ అవస్థ చెప్పనక్కర లేదు. అందుకే చాలామంది వానలు మొదలవగానే ముందు మడ్‌గార్డు విప్పి ఇంట్లో పెట్టేవారు. ముళ్ళకు విరుగుడుగా పాత ట్యూబును నిలువునా చీల్చి టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పరిచేవాళ్ళం. బండి కాస్త బరువెక్కేది గాని పంక్చర్లు సగానికి సగం తగ్గేవి. ఎండకు వాల్వు రబ్బరు మెత్తబడి గాలి దిగిపోతుంది గనుక రెండంగుళాల వాల్వు ట్యూబు ముక్క ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది.

బండికి చేసే అలంకారాలు కూడా అవసరం నుంచి పుట్టినవే. నీటి ఎద్దడి ఊళ్ళలో క్యారియర్‌కు ఇరువైపులా కొక్కేలు వేయించి బిందెలు తగిలించేవారు. ఎమ్మిగనూరు, ప్రొద్దుటూరు నేతగాళ్ళు నూలు కట్టలు, చీరల మూటలు పెట్టుకోవడానికి వెడల్పాటి క్యారియర్ చేయించుకునేవారు. పాలవాళ్ళు, వేరుశెనగ మూటలు మోసేవాళ్ళు రెండో కడ్డీ అతికించి, వెనుక చక్రానికి లావు చువ్వలు అల్లించి, రెండు కాళ్ళ స్టాండు పెట్టించేవారు. కడప-రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు తెలిసినవాడు ఎవడూ బ్రేకులను పూర్తిగా నమ్మడు, దిగి నడిపించుకుని వస్తాడు.

పాత సామాను బేరం

సాయంత్రం ఆఫీసు వదిలాక మా మిత్రబృందం కూడేది సైకిల్ షాపు దగ్గరే. షాపు సాయిబు గారిని అందరం చాచా అనేవాళ్ళం. గోడకు రిమ్ములు, కొయ్యకు గొలుసులు, డబ్బాలలో కోన్లు, కప్పులు, కాటర్ పిన్నులు, ముందర నీళ్ళ తొట్టి. అక్కడ డబ్బు కంటే మారుబేరమే ఎక్కువ. ఒకరి డైనమోకు ఇంకొకరి చైన్ కవరు, పాత బ్రూక్స్ తోలు సీటుకు రెండు టైర్లు. లూకాస్ బెల్లు చేతికి చిక్కిందంటే ఆ వారమంతా అదే ముచ్చట.

"చాచా, ఈ ఫ్రేము తీసుకోవచ్చునా?" అని అడిగితే ఆయన మాట చెప్పేవాడు కాదు, దారం తీసేవాడు. వెనుక ఇరుసు పట్టే గాడి నుంచి దారాన్ని ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి రెండో పక్క గాడికి బిగించి కట్టేవాడు. సీటు గొట్టానికి రెండు వైపులా దారం సమదూరంలో ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. గొలుసుకు స్కేలు పెట్టేవాడు. 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు సాగితే దాని పని అయిపోయినట్టు. హబ్బు మంచిదో కాదో చూడటానికి చక్రం ఎత్తి వదిలేవాడు. వాల్వు తన బరువుకు తానే కిందికి వచ్చి, కాసేపు ఊగి నిలబడితే గుండ్లు, కోన్లు బాగున్నట్టు. "సామీ, నోరు అబద్ధమాడొచ్చు గాని చక్రం ఆడదు" అనేవాడు. ఇంజనీరింగు సెక్షనులో పనిచేసిన నాకు కొలత అంటే ఏమిటో ముందుగా నేర్పింది ఆ అంగడే.

వేరుశెనగ నూనె గొలుసుకు పోయవద్దని, అది దుమ్ముతో కలిసి జిగురవుతుందని, కిరసనాయిలుతో కడిగి మిషను నూనె చుక్క చుక్క వేయాలని చెప్పిందీ ఆయనే. ఏడాదికోసారి ఓవరాయిలింగు. బండి మొత్తం విప్పి గోనెపట్టా మీద పరిచి, కడిగి, గ్రీజు పెట్టి తిరిగి బిగించేసరికి పూట గడిచేది. కుతూహలం ఉన్నవాళ్ళం పక్కన కూర్చుని చూసి, మరుసటి ఏడు మా చేతులతో చేసుకున్నాం.

మునిసిపాలిటీకి సైకిలు పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవడం, రాత్రి దీపం లేకపోతే, వెనుక మనిషిని ఎక్కించుకుంటే పోలీసు వారు ఆపడం పాత తరం వారికి గుర్తే. కిరసనాయిలు దీపం గాలికి ఆరిపోతే బుడ్డి తాకి చూపించి "ఇప్పుడే ఆరింది సార్, ఇంకా వేడిగా ఉంది" అని వేడుకునేవారు.

లోకమంతా ఇదే బండి

ఇది మన సీమ ముచ్చటే కాదు. చైనాలో 1950లో తియాన్‌జిన్ నగరంలో మొదలైన ఫ్లయింగ్ పీజియన్ సైకిలు కూడా ఇదే నల్లబండి, ఇవే కడ్డీ బ్రేకులు. కెన్యాలో ఇటువంటి బండిని బ్లాక్ మాంబా అంటారు. కెన్యా-ఉగాండా సరిహద్దులో క్యారియర్ మీద మెత్త వేసి మనుషులను దాటించినవారే బోడా బోడా అన్న పేరుకు మూలం. బీదదేశాల దారులన్నిటికీ ఒకే రకం బండి కుదరడం కాకతాళీయం కాదు. విరిగితే అతికేది, అరిగితే మారేది, ఎవరి చేతికైనా లొంగేది ఇదొక్కటే.

అయితే ఒక మాట చెప్పక తప్పదు. ఈ వైభవమంతా చాలాకాలం మగవారిదే. మన ఇంటి ఆడవాళ్ళు క్యారియర్ మీద ఒక పక్కకు కూర్చున్నారే గాని హ్యాండిల్ పట్టినవారు తక్కువ. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది స్త్రీలు సైకిలు నేర్చుకున్న వార్త చదివి, కడపలో ఉండగా మా చిన్నమ్మాయికి నేనే ఒక బండి కూర్చాను. పాత లేడీస్ ఫ్రేము కొని, నా బండి చక్రాలు ఎక్కించి, కడ్డీ బ్రేకులు బిగించాను. వీధిలో ఒకరిద్దరు "పంతులు మనవరాలు సైకిలు తొక్కుతుందా?" అన్నారు. మా అమ్మ, అంటే దాని జేజి, వాకిట్లో నిలబడి "తొక్కుతుంది, నాయనా. ఎండలో నడిచేది మీరా?" అని జవాబిచ్చింది. ఆ అమ్మాయి రెండేళ్ళు దాని మీదే కాలేజీకి పోయి, తర్వాత టీచరుద్యోగం సంపాదించుకుంది.

బండి పక్కకు జరిగింది

1972లో లూనా, 1980లో టి.వి.ఎస్. 50, 1985లో హీరో హోండా వచ్చాయి. ఒక్కొక్కటే మన చేతుల్లోంచి సైకిలును తీసుకుపోయాయి. 1986లో హీరో ప్రపంచంలోకెల్లా అత్యధికంగా సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. కాని అప్పటికే సెన్-ర్యాలీ, బొంబాయి హింద్ సైకిల్స్ కుదేలై, 1980లో ఒకే చట్టంతో జాతీయమై ఉన్నాయి. 2020 జూన్ 3న, అదీ ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆగిపోయింది. కేంద్ర ప్రభుత్వం 2016లో సైకిల్ అడ్వాన్సును ఎత్తివేసింది. 2017లో పోస్టుమన్లకు, రైలు పట్టాల సిబ్బందికి సైకిలు అలవెన్సును మాత్రం నెలకు 90 రూపాయల నుంచి 180కి పెంచింది. అడ్వాన్సు పోయినా తొక్కేవాడు మిగిలాడని అనుకోవాలి.

కంపెనీలు పుడతాయి, పోతాయి. నా దిగులు దాని గురించి కాదు. దారంతో ఫ్రేము చూసే చేయి, వేలితో చువ్వ మీటి బిగువు చెప్పే చెవి కనుమరుగవుతున్నాయి. పాత సైకిలును కిలోల లెక్కన ఇనుప సామాను వాడికి వేస్తున్నాం. 20 కిలోల ఇనుముకు వచ్చేది ఎంత? అదే బండిలో చక్రాలు ఒక కూలివాడికి, ఫ్రేము ఒక విద్యార్థికి, సీటు మరొకరికి ఇంకా ఇరవై ఏళ్ళు పనికి వస్తాయి.

కాబట్టి సభ్యులకు, వారి పిల్లలకు నాదొక మనవి. మీ ఇంటి వెనుక పాత సైకిలు ఉంటే తూకానికి వేయకండి. దగ్గరలో వయసు మళ్ళిన మేస్త్రీ ఎవరైనా ఉంటే ఆయన దగ్గరకు తీసుకుపోండి. విప్పించండి, ఏది బాగుందో ఏది అరిగిందో అడగండి. మనవణ్ణీ, మనవరాలినీ వెంటబెట్టుకుపోయి ఆ పని కళ్ళారా చూడనివ్వండి. బాగైన బండిని నడిచి బడికి పోయే బిడ్డకు ఇవ్వండి. మన మోకాళ్ళు ఒప్పుకోకపోవచ్చు గాని బండికి ఇంకా సత్తువ ఉంది.