డిసెంబర్ 23: ఒకరి పుట్టినరోజు, ఒకరి వర్ధంతి, మధ్యలో మన భూమి



రేపు డిసెంబర్ 23, జాతీయ రైతు దినోత్సవం. పొద్దున్నే ఫోన్ల నిండా నాగలి బొమ్మలు, శుభాకాంక్షలు వచ్చి పడతాయి. ఆ రోజే ఎందుకని మీ పిల్లల్ని అడిగి చూడండి, చాలామందికి తెలీదు.

1902లో ఆ రోజున ఉత్తరప్రదేశ్‌లోని నూర్పూర్ అనే పల్లెలో చౌదరి చరణ్ సింగ్ పుట్టారు. వాళ్ళది కౌలు రైతు కుటుంబం. జమీందారు కింద సేద్యం ఎట్లా ఉంటదో ఇంట్లోనే చూసి పెరిగిన మనిషి. అక్కడి జమీందారీ రద్దు చట్టం తయారుచేసిన వాళ్ళలో ఆయనే ముఖ్యుడు. 1952 జూలైలో అది అమల్లోకి వచ్చింది. తర్వాత ఊరికి నాలుగు దిక్కులా చెదిరిపోయిన చెక్కల్ని ఒకచోటికి చేర్చే చట్టం కూడా తెచ్చారు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సభలో ఉమ్మడి సేద్యం తీర్మానం పెడితే, సాక్షాత్తూ నెహ్రూ ఎదుటే కాదన్నారు. ఎవరి చెక్క వాళ్ళు దున్నుకుంటేనే రైతు నిలబడతాడని ఆయన నమ్మకం. 1979లో ప్రధానమంత్రి అయ్యారు.

ఇక అదే డిసెంబర్ 23న, 2004లో, మన పి.వి. నరసింహారావు గారు ఢిల్లీలో కన్నుమూశారు. పి.వి. అనగానే 1991 సంస్కరణలే చెప్తారు అందరూ. 1971లో ముఖ్యమంత్రి అయినాక భూ పరిమితి మీద పట్టుబట్టింది కూడా ఆయనే. పుట్టింది భూస్వాముల ఇంట్లో అయినా వెనక్కి తగ్గలేదు. 1973 నాటి చట్టం ప్రకారం ఒక కుటుంబానికి మాగాణి అయితే నేలను బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. పెద్ద రైతుల కోపానికి ముల్కీ గొడవ, జై ఆంధ్ర ఉద్యమం తోడై 1973 జనవరిలో ఆయన పదవి పోయింది. ఆ తర్వాత బినామీ పేర్లతో, దొంగ పంపకాలతో ఎంత భూమి తప్పించుకుందో మన పెద్దలకి తెలుసు.

వీళ్ళిద్దరికీ భారతరత్న ప్రకటించింది కూడా ఒకే రోజు, 2024 ఫిబ్రవరి 9. అదే రోజు స్వామినాథన్ గారికి కూడా ప్రకటించారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చరణ్ సింగ్ గారి నాన్నలాంటి కౌలు రైతులు ఇవాళ మన ఊళ్ళల్లో ఎంతమందో లెక్కేయండి. దున్నేది ఒకరు, పాస్ పుస్తకం ఇంకొకరిది. పంట మునిగితే నష్టం దున్నినోడికి, పరిహారం పుస్తకం ఉన్నోడికి. కౌలు రైతులకి రుణ అర్హత కార్డులివ్వాలని 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే చట్టం చేశారు. కార్డు ఇస్తే భూమి పోతదని ఆసాముల భయం, అడిగితే కౌలు పోతదని రైతు భయం. ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే ఉంది.

కాబట్టి నాలుగెకరాలు కౌలుకిచ్చిన అన్నలారా, రేపు శుభాకాంక్షలు పెట్టే ముందు మీ చేను దున్నుతున్న మనిషిని పిలిచి కాగితం సంగతి మాట్లాడండి. రైతు దినోత్సవానికి అంతకు మించిన దండ లేదు.