ఫాండ్యూ దేశమంతటికీ ఎలా చేరింది?

కరిగిన చీజ్‌లో రొట్టెముక్క ముంచుకుని తినే ఫాండ్యూ స్విస్ కొండల్లో పశువుల కాపరులు కనిపెట్టిన వంట అని చాలామంది నమ్మకం. చీజ్‌ను వైన్‌తో వండే పద్ధతి మాత్రం 1699 నాటి జ్యూరిక్ వంటల పుస్తకంలో కనిపిస్తుంది. జ్యూరిక్ కాపరుల కొండపల్లె కాదు, అప్పటికే పట్టణం.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో స్విస్ చీజ్ యూనియన్ ఏర్పడింది. చీజ్ ఉత్పత్తి, ధర అన్నీ దాని గుప్పిట్లోనే. జనం చేత ఎక్కువ చీజ్ తినిపించాలని 1930లలో ఫాండ్యూను జాతీయ వంటకంగా ఊరూరా ప్రచారం చేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైనిక దళాలకు ఫాండ్యూ సామగ్రి పంపింది. ప్రచారంతో మొదలైనా, ఇంటిల్లిపాదీ ఒకే గిన్నె చుట్టూ చేరే ఈ అలవాటు మనసుకు నచ్చేదే.

తయారీలో కిటుకు ఉంది. మట్టిగిన్నె లోపల వెల్లుల్లి రుద్ది, వైట్ వైన్ వేడిచేసి, తురిమిన చీజ్ కొద్దికొద్దిగా వేస్తూ సన్నసెగ మీద కలుపుతారు. వైన్‌లోని పులుపు, కాస్త కార్న్‌ఫ్లోర్ కలిసి చీజ్ ముద్దకట్టకుండా, కొవ్వు విడిపోకుండా కాపాడతాయి. ఫ్రిబూర్ ప్రాంతంలో గ్రుయేర్, వాష్రాన్ చీజ్‌లు సగం సగం వేస్తారు. చివర్లో అడుగంటిన కరకర పొర కోసం అందరూ పోటీపడతారు.

చీజ్ యూనియన్ 1999లో మూతపడింది. ఫాండ్యూ మాత్రం స్విస్ ఇళ్లలో నేటికీ చలికాలపు విందే.