వినికిడి లోపం, చెవి మిషను: నల్లకుంట పరిసరాల్లో

మాటలూ చప్పుళ్ళూ మామూలు మనిషికి వినపడినంతగా వినపడకపోవడాన్ని వినికిడి లోపం అంటారు. పుట్టుకతో రావచ్చు, జబ్బు వల్లో మోత వల్లో రావచ్చు, వయసుతో రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఎంతో కొంత వినికిడి తగ్గినవారే. వారిలో 43 కోట్ల మందికి చికిత్సో యంత్రమో శిక్షణో ఏదో ఒకటి కావాలి.

హైదరాబాద్‌లో నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న పాత పేటలు. పిల్లలు విదేశాల్లో స్థిరపడగా ఇక్కడే ఉండిపోయిన పింఛనుదార్లు ఒకవైపు, ఉద్యోగ పరీక్షలకు కోచింగ్ తీసుకునే యువకులు ఒకవైపు కనిపించే చోటు ఇది. వయసుతో వచ్చే చెవుడూ, ఇయర్‌ఫోన్లతో కొని తెచ్చుకునే చెవుడూ ఇక్కడ పక్కపక్క ఇళ్ళలో ఉంటాయి. ఈ వ్యాసం ఎక్కువగా మొదటిదాని గురించి.

వినపడటం వేరు, తెలియడం వేరు

లోపలి చెవిలో చుట్టలు చుట్టుకున్న కాక్లియా అనే గొట్టంలో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్దపు కదలికను నాడీ సంకేతంగా మార్చేవి ఇవే. పోతే మళ్ళీ పుట్టవు. హెచ్చు పౌనఃపున్యపు సన్నని ధ్వనులను పట్టుకునే కణాలు గొట్టం మొదట్లో ఉంటాయి. వయసు దెబ్బ ముందు వాటికే తగులుతుంది. మాటలో అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది, హల్లుల మధ్య తేడా చాలావరకు పై పౌనఃపున్యాల్లో ఉంటుంది. అందుకే వంటింట్లోంచి "పప్పు ఏదీ?" అని అడిగితే ముందుగదిలో పెద్దాయన చెవిన పడేది "అప్పు ఏదీ?" లాంటిదేదో. మొదటి హల్లు పకారమో కకారమో తకారమో తేలదు. పప్పా, కప్పా, తప్పా అన్నది మెదడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి కనుక చివర వినపడుతుంది, మొదలు జారిపోతుంది. "మాట్లాడుతున్నట్టు తెలుస్తోంది, ఏమంటున్నారో తెలియడం లేదు" అని ఈ లోపం ఉన్నవారు చెప్పే మాట అక్షరాలా నిజం.

ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు ఇంకోటి ఉంటుంది: "తనకి కావలసినవి మాత్రం భేషుగ్గా వినపడతాయి." ఇది పెద్దవాళ్ళ మీద వేసే అన్యాయపు నింద. ఫ్యాన్ తప్ప వేరే చప్పుడు లేని గదిలో, తెలిసిన గొంతు, ఎదురుగా ముఖం కనిపిస్తూ మాట్లాడితే నిజంగానే తెలుస్తుంది. అదే మనిషికి మిక్సీ తిరుగుతున్నప్పుడో, వెనకనుంచి పిలిచినప్పుడో, నలుగురు ఒకేసారి మాట్లాడినప్పుడో తెలియదు. నల్లకుంట కూరగాయల మార్కెట్లోనో నారాయణగూడ చౌరస్తాలోనో అయితే చెప్పనే అక్కర్లేదు. దూరం రెట్టింపయిన కొద్దీ, ఆరుబయట, మాట బలం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. వాహనాల మోత మాత్రం అలాగే ఉంటుంది.

దీనికి తోడు ఒక చిక్కు. రోమకణాలు దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం మాత్రం మామూలు చెవికి ఉన్నంత గట్టిగానే ఉంటుంది. నడుమ భరించగల వెడల్పు ఇరుకైపోతుంది. "కాస్త గట్టిగా చెప్పు" అన్న మనిషే మరుక్షణం "ఎందుకలా అరుస్తావు?" అని విసుక్కోవడం మొండితనం కాదు, ఆ చెవి పని తీరే అంత.

కారణాలు

గులిమి గట్టిపడి అడ్డం పడటం అన్నిటికన్నా తేలికైన కారణం. డాక్టరు తీసేస్తే అయిపోతుంది. కాచిన నూనె పోయడం, హెయిర్‌పిన్నుతో కెలకడం వల్ల కర్ణభేరికి చిల్లి పడిన సందర్భాలుంటాయి. చిన్నప్పుడు చెవి కారి, పట్టించుకోక వదిలేసినవాళ్ళకు పెద్దయ్యాక వినికిడి తగ్గడం మన ఊళ్ళలో మామూలే. మేనరికాలు ఎక్కువగా జరిగే ఇళ్ళలో పుట్టుచెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది.

నల్లకుంటలో జనం నేటికీ కోరంటి దవాఖానా అని పిలుచుకునే ఫీవర్ ఆసుపత్రి ఉంది. దాని అసలు పేరు సర్ రొనాల్డ్ రాస్ ఉష్ణమండల, అంటువ్యాధుల సంస్థ. అక్కడికి వచ్చే జబ్బుల్లో చెవిని చెడగొట్టేవీ కొన్ని ఉన్నాయి. గవదబిళ్ళలు ఒక్కోసారి ఒక చెవిని ఉన్నట్టుండి పూర్తిగా తీసుకుపోతాయి. మెదడు పొరల వాపు, తట్టు కూడా వినికిడికి ముప్పే. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ చెవుడుతో పుట్టే ప్రమాదముంది. 2017లో మొదలైన తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం వెనకున్న కారణాల్లో ఇదొకటి. ప్రాణం కాపాడే స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు కూడా కొందరిలో రోమకణాలను దెబ్బతీస్తాయి.

ఇక మోత. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఇల్లున్నవాళ్ళకు ఈ అంకె చదివితే నవ్వొస్తుంది. ఇయర్‌ఫోన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. హాస్టల్ గదిలో పక్కవాడి మాట వినపడకుండా క్లాసులు వినే కుర్రాళ్ళు ఈ లెక్క ఎప్పుడో దాటేస్తారు.

ఒక చెవి రాత్రికి రాత్రే, లేదా రెండు మూడు రోజుల్లో వినపడకుండా పోతే అది వేరే కథ. జలుబనుకుని వారం ఆగకూడదు. మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ మందులు మొదలుపెడితే తిరిగి వచ్చే అవకాశం బాగుంటుంది.

పరీక్ష

కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ పేటలకు దగ్గరలోనే ఉంది. డాక్టరు చెవి చూశాక ఆడియాలజిస్టు చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరం వినిపిస్తూ, ఎంత సన్నని స్వరం దాకా వినపడుతోందో గుర్తిస్తారు. ఫలితం ఆడియోగ్రామ్ అనే గీత. కుడిచెవికి ఎర్ర సున్నాలు, ఎడమచెవికి నీలం ఇంటూ గుర్తులు. వయసు చెవుడులో గీత ఎడమవైపు పైనే ఉండి కుడివైపుకు పోయేకొద్దీ కిందికి జారుతుంది. చెప్పలేని పసిపిల్లలకు బెరా పరీక్షలో మెదడుకాండం స్పందన చూస్తారు.

పుట్టుకతోనే తీవ్ర చెవుడున్న పిల్లలకు మిషనుతో పని జరగకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ అవసరమవుతుంది. మాటలు నేర్చే వయసు దాటకముందే చేయించాలి. ఈ ఖరీదైన ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చడం ఎన్నో తెలుగు కుటుంబాలకు దారి చూపింది.

యంత్రం

చెవి మిషను అంటే మైకు, ధ్వనిని పెంచే భాగం, చెవిలోకి వినిపించే చిన్న స్పీకరు, బ్యాటరీ. ఒక తరం కిందట ఇది చొక్కా జేబులో పెట్టె, అక్కణ్ణుంచి చెవిదాకా తీగ. ట్రాన్సిస్టర్‌తో పనిచేసే మిషను అమెరికాలో 1952లోనే అమ్మకానికొచ్చింది. 1990ల నడుమ డిజిటల్ మిషన్లు వచ్చాక అసలు మార్పు జరిగింది. అన్నిటినీ ఒకే తీరున పెంచకుండా, ఆడియోగ్రామ్‌లో గీత ఎక్కడ జారిందో అక్కడే పెంచడం, పెద్ద శబ్దాన్ని అదుపులో పెట్టడం వీలయ్యాయి. చెవి వెనక పెట్టుకునేవి, స్పీకరు మాత్రం చెవిలో ఉండేవి, పూర్తిగా చెవిలో దూరిపోయేవి అని రకాలు. కనపడకూడదని అందరూ మూడోది అడుగుతారు. వణికే వేళ్ళకు, తక్కువ చూపుకు, తీవ్రమైన చెవుడుకు అది పనికిరాదు.

కొత్తగా వాడేవాళ్ళను ముందు తికమక పెట్టేది బ్యాటరీ. చొక్కా గుండీ కన్నా చిన్న బిళ్ళ; మీద రంగు స్టిక్కరు. 10 సైజుకు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం. ఇవి జింక్-ఎయిర్ బ్యాటరీలు. స్టిక్కరు ఊడదీస్తే చిన్న చిల్లుల్లోంచి గాలి లోపలికి వెళ్ళి పని మొదలవుతుంది. తీసిన వెంటనే మిషనులో పెట్టకుండా ఒక నిమిషం ఆగితే ఎక్కువ కాలం వస్తుంది. స్టిక్కరు మళ్ళీ అంటించి దాచుకుందామనుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. ఈ చిన్న సంగతి చెప్పకుండానే డబ్బా చేతికిచ్చి పంపేసే దుకాణాలున్నాయి. చార్జింగ్ మిషన్లు వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది.

చెవిలో సరిగ్గా కూర్చోకపోతే, గులిమి అడ్డం పడితే మిషను కీచుమంటుంది. స్పీకరు నుంచి బయటకు కారిన శబ్దం మళ్ళీ మైకులోకి పోవడమే కారణం. తలంటుకునేటప్పుడు తీసేయాలి, తలకు నూనె రాసుకునేవాళ్ళు తుడిచాకే పెట్టుకోవాలి. వానాకాలంలో రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో ఉంచితే తేమ లాగేస్తుంది. కరోనా రోజుల్లో మాస్కు లాగినప్పుడు దాంతోపాటు మిషనూ ఊడి రోడ్డు మీద పడిపోవడం చాలామందికి అనుభవమే.

సొరుగులో పడిపోయే మిషన్లు

కొన్న మిషను సొరుగులో మూలపడటానికి యంత్రం చెడిపోవడం అరుదైన కారణం. కళ్ళజోడు పెట్టుకున్న క్షణంలో అక్షరం కనిపిస్తుంది కాబట్టి మిషనూ అంతేననుకుంటారు. కాదు. ఏళ్ళతరబడి కుక్కరు విజిల్ తప్ప మరేదీ గట్టిగా వినని మెదడుకు ఒక్కసారిగా కాగితం చప్పుడు, గిన్నెల చప్పుడు, తన అడుగుల చప్పుడు, తన గొంతే మోగడం భరించలేనంతగా ఉంటాయి. మొదట ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న చోట రోజుకు కొన్ని గంటలు, తర్వాత ఇద్దరు ముగ్గురి మధ్య, ఆపైన బయట. ఇలా అలవాటు కావడానికి వారాలు పడుతుంది. ఈలోగా రెండు మూడుసార్లు ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్ళి సరిచేయించుకోవాలి. మిషను ధరలో అసలు విలువ ఆ సరిచేతలది. కొనేముందు ఆ ఆడియాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉందా, తర్వాత వచ్చినప్పుడు ఎవరు చూస్తారు అన్నవి అడగాలి. పెట్టెలో పెట్టి తక్కువ ధరకు అమ్మే సౌండు పెంచే సాధనాలు వేరు. వాటికి ఆడియోగ్రామ్‌తో పని లేదు, చెవికీ వాటితో పని లేదు.

సిగ్గు మరో కారణం. కళ్ళజోడు చదువుకున్నవాడి గుర్తు, చెవి మిషను ముసలితనపు గుర్తు. మన నాటకాల్లో, సినిమాల్లో చెవిటివాడు చాలాకాలం నవ్వించడానికే ఉన్నాడు. 2018లో వచ్చిన "రంగస్థలం"లో కథానాయకుడికే చెవుడు పెట్టి, ఊరివాళ్ళు ఆటపట్టించే "సౌండ్ ఇంజినీర్" అన్న పేరుతోనే అతని వెనక ప్రేక్షకుణ్ణి నడిపించడం అందుకే కొత్తగా అనిపించింది.

మిగతా సగం పని ఇంటివాళ్ళది. ముందు "తాతయ్యా" అని పిలిచి, ఆయన తలెత్తాక, ముఖం మీద వెలుగు పడేలా నిలబడి మాట్లాడాలి. అరవక్కర్లేదు, అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి. పప్పు అన్న మాట తెలియకపోతే అదే మళ్ళీ అనే బదులు "కందిపప్పు డబ్బా ఎక్కడ పెట్టారు?" అని మార్చి అడిగితే తేలిగ్గా అందుతుంది. అమెరికాలో ఉన్న కొడుకు మామూలు ఫోను చేసేకన్నా వీడియోలో కనిపిస్తే పెదవుల కదలిక సాయపడుతుంది. అన్నిటికన్నా మానుకోవలసింది, "ఏమిట్రా అన్నావు?" అని అడిగితే "ఏం లేదులే" అనేయడం. ఆ మాట నాలుగుసార్లు విన్నాక మనిషి అడగడమే మానేస్తాడు. త్యాగరాయ గానసభలో కచేరీలకు, పెళ్ళిళ్ళకు వెళ్ళడం తర్వాత మానేస్తాడు.

లాన్సెట్ కమిషన్ 2020లో మతిమరుపు జబ్బుకు నివారించదగిన కారణాల్లో నడివయసు వినికిడి లోపాన్ని ముఖ్యమైనదిగా చూపింది. కానీ మిషనుతో అది ఆగుతుందా అని అమెరికాలో జరిపిన పెద్ద పరిశోధన 2023లో వెలువడినప్పుడు మొత్తం మీద తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉన్న వృద్ధుల్లో మాత్రం క్షీణత నెమ్మదించింది. మిషను పెట్టుకుంటే మతిమరుపు రాదని చెప్పే ప్రకటనలు ఈ రెండో సగాన్నే చదివినట్టున్నాయి.

సాయం, సర్టిఫికెట్టు

ముంబైలో 1983లో ఏర్పడిన జాతీయ వాక్ శ్రవణ సంస్థకు పెట్టిన పేరు హైదరాబాదీ అయిన అలీ యావర్ జంగ్‌ది. నల్లకుంటకు కూతవేటు దూరంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారాయన. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. అక్కడ పరీక్షలూ, అర్హులకు కేంద్ర పథకం కింద మిషన్లూ దొరుకుతాయి. 60 ఏళ్ళు దాటిన పేదల కోసం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కిందా చెవి మిషను ఉచితం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లకు వారి ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్ పరిమితి మేరకు డబ్బు తిరిగిస్తుంది. చెవి మిషను మీద జీఎస్టీ లేదు.

జనం సదరం అని పిలుచుకునే వైకల్య ధ్రువీకరణ సంగతి కాస్త కఠినం. 2016 నాటి చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపముంటే పాక్షిక చెవుడు, 70 ఉంటే చెవుడు. ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకున్న 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం వీరిది కాబట్టి అశోక్‌నగర్ కోచింగ్ గదుల్లో ఈ అంకెలు నోటికి వచ్చినవాళ్ళుంటారు. 50 డెసిబెల్స్ దగ్గర ఆగిపోయిన పెద్దవాళ్ళకు మాత్రం బ్యాంకు కౌంటరు దగ్గర మాట తెలియదు, సర్టిఫికెట్టూ రాదు. వాళ్ళ మిషను ఖర్చు వాళ్ళదే, లేదా పిల్లలది.