ఐదు అనే అంకె: 2020 మార్చిలో ఐదు రోజుల కథ

ఈరోజు ఒక చిన్న అంకె కథ చెప్పుకుందాం. ఆ అంకె 5.

ఎనభై ఏళ్లొచ్చినా రోజూ పొలానికెళ్లొచ్చే తాతయ్యలు ఉంటారు. అరవై ఎనిమిదికే మంచం దిగలేనివాళ్లూ ఉంటారు. ఈ తేడానే డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. ఒంట్లో నిల్వ ఉన్న సత్తువ అడుగంటిపోయి, చిన్న జబ్బు చేసినా తేరుకోలేని స్థితి అన్నమాట.

2005లో కెనడాకి చెందిన కెన్నెత్ రాక్‌వుడ్ బృందం దీన్ని కొలవడానికి ఒక స్కేల్ ప్రచురించింది. 2,305 మంది వృద్ధుల మీద పరీక్షించారు. మొదట ఏడు మెట్లే, తర్వాత తొమ్మిదయ్యాయి. ఒకటి అంటే మంచి దిట్టంగా ఉన్నారని. ఐదు అంటే డబ్బు లెక్కలకి, మందులకి, ప్రయాణాలకి ఇంకొకరి సాయం కావాలని. ఏడు అంటే స్నానం, బట్టలు లాంటి సొంత పనులకీ ఎవరో ఒకరు ఉండాల్సిందే. ఇంకో ముఖ్యమైన రూల్: ఆస్పత్రికొచ్చిన రోజు కాదు, రెండు వారాల ముందు మనిషి ఎలా ఉన్నారో చూడాలి. జ్వరంతో పడిపోయిన రోజు ఎవరైనా నీరసంగానే కనిపిస్తారు కదా!

ఇప్పుడు 2020 మార్చి 20కి వద్దాం. బ్రిటన్‌లో ఐసీయూ పడకలు సరిపోతాయా అన్న భయం. ఇంగ్లాండ్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ, వయసుతో సంబంధం లేకుండా ఆస్పత్రిలో చేరే పెద్దవాళ్లందరికీ ఈ స్కోర్ వేయమంది. 5 లేదా ఆపైన వస్తే, ఐసీయూ వైద్యం తగునా అని ఆలోచించమంది.

సమస్య ఎక్కడొచ్చిందంటే, ఈ స్కేల్ తయారైంది వృద్ధుల కోసం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ముప్పై ఏళ్ల కుర్రాణ్ణి తీసుకోండి. గుండె, ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. కానీ స్నానం, బట్టలు లాంటి సొంత పనులన్నిటికీ ఇంకొకరి మీదే ఆధారపడాలి. స్కోర్ ఏడు! ఇంజినీర్‌గా నాకు ఇది బాగా తెలిసిన బగ్: ఫంక్షన్ కరెక్టే, ఇన్‌పుటే దానికి సంబంధం లేనిది. కాకపోతే ఇక్కడ క్రాష్ అయ్యేది ప్రోగ్రామ్ కాదు, ప్రాణం.

వికలాంగుల కుటుంబాలు, సంఘాలు గట్టిగా అడిగాయి. మార్చి 25న నైస్ మార్చింది: 65 ఏళ్లలోపు వారికీ, దీర్ఘకాలిక వైకల్యం, ఆటిజం, మానసిక ఎదుగుదల లోపం ఉన్నవారికీ ఈ స్కేల్ వాడొద్దు, ఒక్కొక్కరినీ విడిగా చూడండి అని.

మరి స్కేల్ పనికిరానిదా? కాదు. అదే ఏడాది బ్రిటన్, ఇటలీల్లోని 11 ఆస్పత్రుల్లో 1,564 మంది కోవిడ్ రోగుల్ని గమనించారు. ఎవరు బతుకుతారో అంచనా వేయడానికి వయసు కన్నా, ఉన్న జబ్బుల కన్నా ఫ్రెయిల్టీయే మెరుగని తేలింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్తే, వయసొక్కటే చెప్పి ఊరుకోకండి. రెండు వారాల క్రితం ఏయే పనులు సొంతంగా చేసుకునేవారో కూడా చెప్పండి. డాక్టర్‌కి ఆ మాట చాలా అవసరం. మళ్లీ కలుద్దాం.