భూగర్భ రైలు మార్గాలు: బోర్డు మీది పేరు, నోటి మీది పేరు

పెద్ద నగరాల భూగర్భ రైలు వ్యవస్థలలో ఒక్కొక్క మార్గానికి సాధారణంగా ఒకటికి మించిన పేర్లు ఉంటాయి. పట్టాలు వేసిన కంపెనీ దస్తావేజులలో ఒక పేరు, స్టేషను బోర్డు మీద మరొక పేరు, సిబ్బంది రేడియోలో పలికే పిలుపు ఇంకొకటి, ప్రయాణికుల నోట నలిగేది వేరొకటి. వీటిలో బోర్డు మీది పేరు కంటి కోసం ఏర్పడినది. దూరం నుంచి, కదులుతున్న రైలు ముఖం మీద, రద్దీలో ఒక్క చూపుకు అందాలన్నదే దాని లక్ష్యం. చెవి అవసరాలు వేరు. అందువల్ల కంటికి సులువైన గుర్తు చెవికి చాలని ప్రతిచోటా ఆ లోటును పూడ్చడానికి వేరే మాటలు పుట్టుకొచ్చాయి. ఆ మాటలలో రెండు రకాలను, అంటే అక్షరాలను తప్పు వినబడకుండా పలికేందుకు ఏర్పరచిన సంకేత పదాలను, జనం తమంతట తాము పెట్టుకున్న వాడుక పేర్లను, ప్రధానంగా న్యూయార్క్ ఉదాహరణతోను, పోలిక కోసం లండన్, ప్యారిస్‌ల ఆధారంగాను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

న్యూయార్క్ సబ్‌వే ఒకే చేతి మీదుగా పుట్టినది కాదు. 1904 అక్టోబరు 27న మొదలైన ఐ.ఆర్.టి., బ్రూక్లిన్ కేంద్రంగా ఎదిగిన బి.ఎం.టి. ప్రైవేటు కంపెనీలు కాగా, 1932లో ప్రారంభమైన ఐ.ఎన్.డి. నగర ప్రభుత్వం స్వయంగా కట్టించినది. 1940లో మూడూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చినా పేర్లు పెట్టే పద్ధతులు మాత్రం చాలాకాలం విడివిడిగానే సాగాయి. బి.ఎం.టి. 1924 నుంచి తన మార్గాలకు అంకెలు ఇచ్చింది, ఐ.ఎన్.డి. మొదటి రోజు నుంచీ ఇంగ్లీషు అక్షరాలు వాడింది, ఐ.ఆర్.టి. మార్గాలకు అంకెలు 1948లో గాని రాలేదు. చివరకు అంకెలు ఐ.ఆర్.టి.కి, అక్షరాలు మిగిలిన రెండింటికి స్థిరపడ్డాయి. ఐ.ఎన్.డి. పద్ధతిలో ఒక తర్కం ఉండేది. ఎక్స్‌ప్రెస్ రైలుకు ఒక అక్షరం, అదే దారిలో అన్ని స్టేషన్లలో ఆగే లోకల్ రైలుకు అదే అక్షరం రెండుసార్లు. ఏ ఎక్స్‌ప్రెస్ అయితే ఏఏ లోకల్. ఈ జంటాక్షరాలు 1985లో రద్దయ్యాయి. బి.ఎం.టి. విభాగంలో ఒక దశలో క్యూబీ, క్యూటీ అనే గుర్తులు కూడా ఉండేవి. మాన్‌హాటన్ వంతెన మీదుగా వెళ్లే బ్రైటన్ లోకల్ రైలు క్యూబీ, సొరంగం గుండా వెళ్లేది క్యూటీ. వంతెనకు, సొరంగానికి ఇంగ్లీషులో ఉన్న మాటల మొదటి అక్షరాలే వాటి తోకలు.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టం చేయవలసి ఉంది. న్యూయార్క్ పరిభాషలో ‘లైన్’ అంటే భూమి మీద స్థిరంగా ఉన్న పట్టాల దారి, ‘సర్వీసు’ అంటే ఆ పట్టాల మీద ఒక చోటి నుంచి మరొక చోటికి నడిచే రైలు. అక్షరం సర్వీసుకు చెందినది. బ్రూక్లిన్ దక్షిణపు అంచున కోనీ ఐలాండ్ సముద్రతీరానికి చేరే దారులు నాలుగు: బ్రైటన్, కల్వర్, వెస్ట్ ఎండ్, సీ బీచ్. ఇవన్నీ సబ్‌వే కంటే పాతవి, పందొమ్మిదో శతాబ్దంలో విహారయాత్రికులను తీరానికి చేరవేసిన ఆవిరి రైళ్ల వారసులు. కల్వర్ అన్నది 1875లో తన రైలు దారిని ప్రారంభించిన ఆండ్రూ కల్వర్ ఇంటిపేరు; సీ బీచ్ అన్నది ఆ దారి చివర ఉండిన ఒక హోటలు పేరును గుర్తుచేస్తుంది. డి అనే అక్షరం నడిచిన దారులను వీటితో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. 1954లో డి రైలు కల్వర్ దారిన కోనీ ఐలాండ్ చేరింది. 1967లో క్రిస్టీ వీధి అనుసంధానం తెరిచాక బ్రైటన్ దారికి మారింది. 2004 నుంచి వెస్ట్ ఎండ్ దారిన నడుస్తోంది. అంటే ఇంటి ముందు వంతెన మీద వెళ్లే రైలు అక్షరం ఒక తరంలోనే మారిపోవచ్చు గాని, బ్రైటన్ బ్రైటన్‌గానే ఉంటుంది. పాత బ్రూక్లిన్‌వాసులు, రైల్వే ఉద్యోగులు అక్షరాన్ని పక్కనపెట్టి బ్రైటన్ అనో, సీ బీచ్ అనో పలకడాన్ని గతం మీది మమకారంగా మాత్రమే చూడడం పొరపాటు. మరమ్మతు జరుగుతున్నది ఏ పట్టాల మీదో చెప్పడానికి అక్షరం పనికిరాదు, పట్టాల పేరే కావాలి.

ఇక అక్షరాల ధ్వని. ఇంగ్లీషు అక్షరాలలో బి, సి, డి, ఈ, జి, పి, టి, వి అన్నీ ఒకే దీర్ఘాచ్చుతో ముగుస్తాయి. అమెరికా ఉచ్చారణలో చివరి అక్షరం కూడా ఈ వరుసలోనే చేరుతుంది. మాన్‌హాటన్‌లో 53వ వీధి కింద ఉన్న సెవెంత్ ఎవెన్యూ స్టేషనులో ఆగే రైళ్లు బి, డి, ఈ. రెండు అంతస్తుల ఆ స్టేషనులో ప్రతి అంతస్తుకూ ఒకే ప్లాట్‌ఫారం. దానికి ఒక పక్కన బి, డి రైళ్లు, మరో పక్కన ఈ రైలు. బోర్డు మీద బి, డి నారింజ రంగు వృత్తాలలోను, ఈ నీలి వృత్తంలోను ఉండడం వల్ల కంటికి ఏ ఇబ్బందీ లేదు. స్పీకరు గరగరలో మాత్రం ఈ మూడింటినీ వేరుచేసేది అచ్చుకు ముందు క్షణకాలం వినిపించే పెదవుల లేదా నాలుక స్ఫోటం, లేదా అది లేకపోవడం. పాత టెలిఫోను తీగలు సుమారు 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ మధ్య ధ్వనులను మాత్రమే మోసేవి. ఎఫ్, ఎస్ అక్షరాలను వేరుచేసే ఊష్మ ధ్వని చాలావరకు ఆ పరిధికి పైన ఉంటుంది కనుక ఆ రెండూ ఫోనులో ఒకటిగానే వినబడేవి. న్యూయార్క్‌లో ఎఫ్ ఒక ప్రధాన సర్వీసు, ఎస్ షటిల్ రైళ్ల గుర్తు. తెలుగు మాట్లాడే కొత్తవారికి ఇంకొక చిక్కు ఉంది: అమెరికన్ల నోట బ్రూక్లిన్, క్వీన్స్‌లను కలిపే జి రైలు, 1988 డిసెంబరు నుంచి జె రైలుకు జంటగా స్టేషన్లు విడిచి విడిచి ఆగుతూ నడిచే జెడ్ రైలు రెండూ ‘జీ’గానే వినిపిస్తాయి. ‘జెడ్’ అనే బ్రిటిష్ అలవాటు ఈ ఒక్కచోట మనవారికి అక్కరకు వస్తుంది, ఎదుటివారికి అర్థమైతే.

అక్షరాల ఎంపికలో చూపుకు సంబంధించిన జాగ్రత్త కొంత కనిపిస్తుంది. ఐ, ఓ అక్షరాలు ఒకటి, సున్నాలలా కనబడతాయని వాటిని ఏ సర్వీసుకూ ఇవ్వలేదు. పి, యు, వై అక్షరాలను వదిలివేయడానికి చెప్పే కారణం మాత్రం చెవికి చెందినది: వాటి ఉచ్చారణ వరుసగా మూత్రవిసర్జనను, ‘నువ్వు’ను, ‘ఎందుకు’ను సూచించే ఇంగ్లీషు మాటలతో కలిసిపోతుంది. ఏ రైలు ఎక్కాలని అడిగినవారికి ‘వై’ అని బదులిస్తే ఎదురుప్రశ్నలా ఉంటుంది.

అక్షరాలను మాటలుగా మార్చి పలికే పద్ధతి రైళ్ల కోసం పుట్టినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే బ్రిటిష్ సైన్యపు టెలిఫోను సిబ్బంది ఏ అక్షరాన్ని ‘యాక్’ అని, ఎమ్‌ను ‘ఎమ్మా’ అని, పి అక్షరాన్ని ‘పిప్’ అని పలికేవారు. మధ్యాహ్నం తర్వాతి వేళను ‘పిప్ ఎమ్మా’ అనడం అలా వచ్చింది. 1941లో అమెరికా సైన్యం, నౌకాదళం ఏబుల్, బేకర్, చార్లీ వరుసను ఉమ్మడిగా స్వీకరించాయి. పౌర విమానయానానికి అన్ని భాషలవారూ పలకగల వరుస కావలసి వచ్చినప్పుడు మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన భాషాశాస్త్రజ్ఞుడు జాన్ పాల్ వినే తదితరుల పరిశ్రమ ఫలితంగా 1951లో ఒక పట్టిక వచ్చింది. పైలట్ల నుంచి ఫిర్యాదులు రావడంతో వినికిడి పరీక్షలు జరిపి ఐదు అక్షరాల మాటలను మార్చి 1956లో ఇప్పటి ఆల్ఫా, బ్రావో, చార్లీ పట్టికను ఖాయం చేశారు. అలా మారిన ఐదింటిలో ఎమ్ ఒకటి: ఇప్పుడు మైక్ ఉన్న చోట 1951లో ఉన్న మాట ‘మెట్రో’. న్యూయార్క్ నగర పోలీసుల రేడియోలో మాత్రం ఈ అంతర్జాతీయ వరుస కాక ఆడమ్, బాయ్, చార్లీ, డేవిడ్ అని ఎక్కువగా మనుషుల పేర్లతో సాగే వరుస నిలిచిపోయింది. ఆ నగరంలో పెరిగినవారి చెవికి డి అంటే డెల్టా కంటే డేవిడ్ ముందు తోచడం సహజం. మన దేశంలో బ్యాంకువారికి ఫోనులో పేరు చెప్పేటప్పుడు ‘బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ’ అనడం కూడా ఈ కోవలోనిదే. ఊరి పేరు మారినా ఆ పట్టికలో బాంబే మారలేదు.

అయితే రైలు నియంత్రణలో ఒక్క అక్షరం మీదే భారం మోపరు. న్యూయార్క్‌లో ఒక రైలు గుర్తింపు అంటే సర్వీసు అక్షరమో అంకెయో, బయలుదేరిన సమయం, మొదటి, చివరి స్టేషన్ల పేర్లు కలిసిన పిలుపు. డి అన్నది బి అని వినబడినా సమయం, గమ్యం తప్పును పట్టిస్తాయి. ఈ పద్ధతి సిబ్బంది గదులు దాటి బయటి లోకానికి తెలిసింది ఒక నవల వల్ల. జాన్ గోడీ 1973లో ప్రచురించిన, మరుసటి ఏడాది చలనచిత్రంగా వచ్చిన ‘ద టేకింగ్ ఆఫ్ పెలమ్ వన్ టూ త్రీ’ అనే కథలో దుండగులు పట్టుకున్న రైలు పెలమ్ బే పార్క్ నుంచి ఒంటిగంట ఇరవై మూడు నిమిషాలకు బయలుదేరినది. ఆ రేడియో పిలుపే పుస్తకానికి పేరైంది. నేడు ఆ దారిన నడిచేది ఆరో నంబరు రైలు. ఆ అంకె మీద అలాంటి పేరు కుదిరేది కాదు.

ప్యారిస్‌లో నగరాన్ని, శివార్లను కలిపే ఆర్.ఈ.ఆర్. రైళ్లు ఈ సమస్యను మరోలా పరిష్కరించాయి. అక్కడ మార్గానికి ఒక అక్షరం ఉన్నా, ఒక్కొక్క తరహా ప్రయాణానికి నాలుగక్షరాల సంకేతం ఉంటుంది. మొదటి అక్షరం గమ్యాన్ని చెబితే మిగిలినవి ఆగే స్టేషన్లను బట్టి మారుతూ, నోటికి పలికే మాటగా కుదురుతాయి. సి మార్గంలో వర్సాయ్ వైపు వెళ్లే రైలు ముఖం మీద కనబడే ‘విక్’ అటువంటిది. అర్థం లేని ఆ మాటను రోజూ ఎక్కేవారు తమ రైలు పేరుగానే పలుకుతారు. ఒకే గుర్తు కంటికీ చెవికీ పనికివచ్చిన అరుదైన సందర్భం ఇది.

లండన్‌లో మార్గాలకు మొదటి నుంచీ మాటలే పేర్లు కనుక అక్కడ సమస్య నిడివి. 1906 మార్చిలో బేకర్ స్ట్రీట్ అండ్ వాటర్లూ రైల్వే తెరుచుకోగా, ఒక సాయంకాల పత్రిక విలేకరి రెండు పేర్లనూ అతికి ‘బేకర్లూ’ అన్నాడు. ఆ జూలైలోనే కంపెనీ దాన్ని అధికారికంగా స్వీకరించింది. ఒక రైల్వే సంస్థ వీధి మాటను నెత్తికెత్తుకోవడమేమిటని రైల్వే పత్రిక ఒకటి చిరాకుపడింది గాని, నూరేళ్లు దాటినా నిలిచింది ఆ వీధి మాటే. అంతకుముందు 1900లో ప్రారంభమైన సెంట్రల్ లండన్ రైల్వేకు ఎంత దూరమైనా రెండు పెన్నీల టికెట్టే కావడంతో పత్రికలు ‘టూపెన్నీ ట్యూబ్’ అన్నాయి. 1907లో ఆ ఛార్జీ పద్ధతి పోయినా అందులోని ‘ట్యూబ్’ మొత్తం వ్యవస్థకే పేరైంది. 1960లలో కట్టిన విక్టోరియా మార్గానికి విక్టోరియా, కింగ్స్ క్రాస్‌లను అతికి ‘వైకింగ్’ అనే పేరు కూడా పరిశీలించారు. ఆ అతుకు అధికారుల బల్ల మీద తయారైంది, అక్కడే ఆగిపోయింది.

అతుకు పేర్లు నిడివిని తగ్గిస్తే, తీర్పు చెప్పే పేర్లు వేరే పని చేస్తాయి. వాటర్లూ అండ్ సిటీ మార్గాన్ని లండన్‌వాసులు ‘డ్రెయిన్’, అంటే మురుగుకాలువ, అంటారు. నార్తర్న్ మార్గానికి ‘మిజరీ లైన్’, అంటే కష్టాల మార్గం, అనే బిరుదు అంటుకుంది. న్యూయార్క్‌లో ఎన్, ఆర్ అక్షరాలకు ‘నెవర్’, ‘రేర్లీ’ అని, అంటే ఎన్నడూ రానిది, ఎప్పుడో గాని రానిది అని, ప్రయాణికులు విస్తరణ చెబుతారు; మాన్‌హాటన్‌లో అడుగుపెట్టని జి రైలును ‘ఘోస్ట్’, అంటే దయ్యం, అన్నారు. ఇవి చూడడానికి సంకేత పట్టిక లాంటివే: ఎన్‌కు ఒక మాట, ఆర్‌కు ఒక మాట, జికి ఒక మాట. వినికిడి అవసరం మాత్రం వీటికి లేదు. పట్టిక రూపాన్ని అరువు తెచ్చుకుని ఫిర్యాదును అందులో దాచడమే వీటి చమత్కారం. మెచ్చుకోలు పేర్లు అరుదు. క్వీన్స్‌లో అనేక దేశాలవారి పేటల మీదుగా ఫ్లషింగ్ చేరే ఏడో నంబరు రైలును ‘ఇంటర్నేషనల్ ఎక్స్‌ప్రెస్’ అంటారు. సహస్రాబ్ది వేడుకల సందర్భంగా అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ మార్గాల జాబితాలో చేర్చింది. 1977లో ప్రతిష్ఠ జరిగిన ఫ్లషింగ్ గణేశ ఆలయానికి వెళ్లే తెలుగువారికి కూడా ఆ రైలు అక్కరకు వస్తుంది.

హైదరాబాద్ మెట్రోలో ఈ పరిణామం ఇంకా మొదటి దశలో ఉంది. 2017 నవంబరులో ప్రారంభమైన ఈ వ్యవస్థలో నిర్మాణ పత్రాల ప్రకారం కారిడార్ ఒకటి, రెండు, మూడు. పటంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ప్రయాణికుడికి అమీర్‌పేటలో కావలసినది రంగు కాదు, ‘రాయదుర్గం వైపా, నాగోలు వైపా’ అన్న దిక్కు. న్యూయార్క్‌లో దారికి అక్షరం, గమ్యానికి మాట ఉంటే, ఇక్కడ దారికి రంగు ఉండి గమ్యాలే ఎల్.బి.నగర్, జె.బి.ఎస్., ఎం.జి.బి.ఎస్. అంటూ అక్షరాలుగా పలకడం విశేషం.

అక్షరం కూడా కాలక్రమంలో పేరుగా మారగలదనడానికి 2010 నాటి న్యూయార్క్ ఉదంతం ఆధారం. ఖర్చు తగ్గింపులో భాగంగా ఎమ్, వి సర్వీసులను కలిపి సిక్స్త్ ఎవెన్యూ కింద నడపాలని నిర్ణయించినప్పుడు, ఆ దారిన అప్పటికే నడుస్తున్న వి అక్షరాన్నే ఉంచాలని మొదట ప్రతిపాదించారు. 2001లో పుట్టిన వి కంటే ఎమ్ తమ ప్రయాణికులకు అలవాటైనదని సంస్థ బోర్డు సభ్యులు కొందరు అభ్యంతరం చెప్పారు. దాంతో జూన్ నెలలో వి తొలగిపోయి, అంతవరకు గోధుమ రంగులో ఉన్న ఎమ్, కొత్త దారికి తగినట్టు నారింజ రంగు వేసుకుని నిలిచింది.